పిలవకుండా మూసిన ఇంజను

మా అన్నయ్యకి చెవుడొచ్చిందని మా లారీ షెడ్ల వరసలో అందరూ ఒప్పేసుకున్నారు. ఒప్పుకోనిదాన్ని నేనొక్కదాన్నే. ఇప్పుడైనా మీరు ఇటొచ్చి "చెవిటి డ్రైవరు ఎక్కడుంటాడు?" అని అడగండి, నలుగురు వేళ్ళు చాపి చూపిస్తారు. ఆ వేళ్ళు పట్టుకుని విరిచెయ్యాలన్నంత ఒళ్ళుమంట నాకు. ఎన్ని వేళ్ళని విరుస్తాను చెప్పండి?

నాది టార్పాలిన్లు కుట్టే పని. లారీల మీద సరుకు తడవకుండా కప్పుతారు చూడండి, ఆ పట్టాలు. వరస చివర మూలమీద నా షెడ్డు. రోజంతా ఆ మొద్దు మిషను ముందు కూర్చుంటాను కాబట్టి నా గొంతు కూడా పెద్దదే. నేను మామూలుగా మాట్లాడినా పోట్లాడుతున్నాననుకుంటారు. చాలాసార్లు నిజంగానే పోట్లాడుతుంటాను, అది వేరే సంగతి.

అన్నయ్య క్లీనరుగా లారీ ఎక్కి, డ్రైవరయ్యి, చివరికి తను నడిపిన పాత లారీనే కొనుక్కున్న మనిషి. దానికి ముసలమ్మ అని పేరు పెట్టాడు. పొద్దున్నే స్టార్ట్ చేసి, వెంటనే బయలుదేరడు. కిందికి దిగి, మడ్‌గార్డు మీద అరచెయ్యి పెట్టి, తల కాస్త పక్కకి వంచి నిలబడతాడు. ఎవరైనా తొందరపెడితే "ఉండవోయ్, ముసలమ్మ గొంతు సవరించుకుంటోంది" అంటాడు. ఆ తల వంపులోనే సగం జబ్బులు తెలిసిపోయేవి. బెల్టు వదులైతే చెప్పేవాడు, ఇంజెక్టరు కారితే చెప్పేవాడు. ఎదురుగా వస్తున్న పరాయి లారీని ఆపి "మీ ముందు చక్రం బేరింగు చూపించుకోండి" అని చెప్పి తిట్లు తిన్న రోజులూ ఉన్నాయి.

ఇంట్లోనూ అంతే. కుళాయి వాషరు అరిగితే పక్క గదిలోంచే చెప్పేసేవాడు. వదిన గిన్నె దించిన చప్పుడును బట్టి ఆవిడ కోపం ఎంతుందో లెక్క కట్టి, లోపలికి రావాలో, వీధి చివర ఇంకో టీ తాగి రావాలో తేల్చుకునేవాడు. "ఈయన చెవులతో కాపురం చేస్తే నేను లోపల తిట్టుకోవడానికి కూడా లేదు" అని వదిన నవ్వేది.

ఇక మేస్త్రి సంగతి చెప్పాలి. చెప్పాలంటేనే నోరు చేదవుతుంది, అయినా చెప్పాలి. లారీ ఇంజన్లు విప్పి కట్టడంలో మా వరసలో అతన్ని మించినవాడు లేడు. అన్నయ్యా అతనూ ఒక్క యజమాని దగ్గరే పనిలో చేరారు. ఒకడు లారీ పైన, ఒకడు లారీ కింద. అప్పట్నుంచీ ఒకే కంచం, ఒకే మంచం అన్నట్టు పెరిగారు. వదిన అన్నయ్యకి కట్టే భోజనం క్యారియర్లో పైడబ్బా ఎప్పుడూ మేస్త్రిదే. అన్నయ్య దూరం వెళ్ళినప్పుడు ఇంట్లో కరెంటు పోయినా, వదినకి జ్వరం వచ్చినా మొదట పరుగెత్తుకొచ్చేది అతనే. వదిన అతన్ని "అన్నయ్యగారూ" అనేది. నన్నతను "ఏం టార్పాలినూ" అని పిలిచేవాడు. ఇంకెవరైనా అలా పిలిస్తే ఊరుకునేదాన్ని కాదు.

ముసలమ్మ నల్లటి పొగ వదలడం మొదలుపెట్టింది. ఆయిలు తాగేస్తోంది, ఎత్తు ఎక్కలేకపోతోంది. "ఇక పూర్తిగా విప్పాల్సిందేరా" అన్నాడు మేస్త్రి. "విప్పు" అన్నాడు అన్నయ్య. అంతే. ఇద్దరి మధ్యా అంతకంటే మాటలుండేవి కావు.

ఇక్కడ మా వరసలో ఉన్న ఒక పద్ధతి మీకు చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. ఇంజన్లో పిస్టన్లు పైకీ కిందికీ ఆడుతుంటాయి. ఒక్కో పిస్టనుకీ ఒక రాడ్డు. ఆ రాడ్డు కింది కొస క్రాంకుని, అంటే అడుగున తిరిగే ఇరుసుని, గట్టిగా పట్టుకుని ఉండాలి. పట్టుకోవడానికి రాడ్డుకి కింద ఒక క్యాపు బిగిస్తారు. ఏ రాడ్డు క్యాపు ఆ రాడ్డుదే, పుట్టుకతోనే జంటలు. ఒకదానిది ఇంకోదానికి బిగిస్తే పైకి సరిగ్గానే కనిపిస్తుంది కానీ లోపలి రంధ్రం సరిగ్గా గుండ్రంగా ఉండదు. అందుకే విప్పేముందే రాడ్డు మీదా, క్యాపు మీదా సుత్తీ మేకుతో చుక్కలు కొడతారు. ఒకటో దానికి ఒక చుక్క, రెండో దానికి రెండు, అలా ఆరింటికీ.

ఇంజను కడుతున్నంతసేపూ లారీ మనిషి అక్కడ ఉండకూడదు. ఉంటే మేస్త్రిని నమ్మనట్టే లెక్క. కానీ అడుగున ఆయిలు నిలిచే చాంబరు మూసేముందు మేస్త్రి తనే కబురు పెడతాడు. "రా, చుక్కలు చూసుకో" అంటాడు. లారీ మనిషి కిందికి దూరి, చుక్కల జంటలు సరిపోయాయని చూసి, "మూసెయ్" అంటాడు. అది మేస్త్రి ఇచ్చే మర్యాద. పిలవకుండా ఎవరూ మూయరు. మన మేస్త్రి ఎన్నిసార్లు విప్పినా అన్నయ్యని పిలవకుండా మూసింది లేదు.

ఈసారి మూసేశాడు.

అన్నయ్యని పిలిచేసరికే చాంబరు బోల్టులన్నీ బిగించి, కొత్త ఆయిలు పోసి, చేతులు తుడుచుకుంటున్నాడు. అన్నయ్య ఒక్క క్షణం చాంబరు వైపు చూశాడు. నేనప్పుడు పట్టా కొలతకని అక్కడే ఉన్నాను. అడుగుతాడనుకున్నాను. అడగలేదు. తర్వాత ఇంటికొస్తుంటే నేనే అడిగాను, చుక్కలు చూపించలేదేంటని.

"మర్చిపోయుంటాడే. అడిగితే మనసు కష్టపెట్టుకుంటాడు. వాడి చేతిని నేను చూసేదేంటి?" అన్నాడు అన్నయ్య.

అదీ మా అన్నయ్య చేసిన తప్పు. పరాయి మేస్త్రి అయ్యుంటే "విప్పి చూపించవయ్యా" అనేవాడు. సొంతవాడు కాబట్టి నోరు మూసుకున్నాడు.

స్టార్ట్ చేసినప్పుడు ముసలమ్మ పడుచుపిల్లలా లేచింది. పొగ లేదు, కుదుపు లేదు. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. అన్నయ్య దిగి, మడ్‌గార్డు మీద చెయ్యి పెట్టి, తల వంచాడు. అలాగే చాలాసేపు ఉండిపోయాడు.

"ఎక్కడో తడుతోందిరా" అన్నాడు.

"కొత్త సామాను కదా, సర్దుకోవాలి. నాలుగు ట్రిప్పులు తిరగనీ" అన్నాడు మేస్త్రి.

అన్నయ్య సరేనన్నాడు. తిరిగాడు. సర్దుకోలేదు. చల్లగా ఉన్నప్పుడు అంతగా తెలియడం లేదు, ఇంజను వేడెక్కి, లోడుతో ఎత్తు ఎక్కుతుంటే టొక్కు టొక్కుమని లోపల్నుంచి ఒక దెబ్బ. మళ్ళీ మేస్త్రి దగ్గరికి తీసుకెళ్ళాడు. అతను పొడుగాటి స్క్రూడ్రైవరు ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని విన్నాడు. ట్యాపెట్లు సరిచేశాడు. పోలేదు. మళ్ళీ తీసుకెళ్తే ఆయిలు మార్చి ఇంకా చిక్కటిది పోశాడు. ఆ రోజుకి చప్పుడు అణిగింది. మర్నాడు ఎత్తు ఎక్కుతుంటే మళ్ళీ టొక్కు టొక్కు.

అన్నయ్య మూడోసారి వెళ్ళినప్పుడు టీ కొట్టు దగ్గర వరసంతా ఉంది. నేనూ ఉన్నాను.

"ఒరేయ్, ఒక్కసారి చాంబరు దించి చూద్దామా?" అన్నాడు అన్నయ్య. అడగలేక అడిగాడు పాపం, గొంతు తగ్గించి.

మేస్త్రి గ్లాసు కింద పెట్టి గట్టిగా నవ్వాడు. "ఇంజను బంగారంలా ఉందిరా బాబూ. నీ చెవులే ఓవరాలింగుకి వచ్చాయి! దించమంటావా వాటిని?"

వరసంతా గొల్లున నవ్వింది. అన్నయ్య కూడా నవ్వాడు. స్నేహితుడు ఆడిన వేళాకోళం, నవ్వక ఏం చేస్తాడు? కానీ సాయంత్రానికల్లా "చెవిటి డ్రైవరు" అన్న పేరు అంటుకుపోయింది. హారను కొట్టి "వినపడిందా అన్నా?" అని అరవడం, చెవి దగ్గర చిటికెలు వెయ్యడం. మా వాళ్ళకి ఒక సరదా దొరికితే అది చిరిగి పీలికలయ్యేదాకా వదలరు.

ఆ వేళాకోళం టీ కొట్టు దగ్గరే ఆగిపోయుంటే నేనూ మర్చిపోయేదాన్ని. ఆ ఆదివారం మేస్త్రి ఇంటికొచ్చాడు. అన్నయ్య లేని సమయం చూసుకుని వచ్చాడని నాకు తర్వాత వెలిగింది. వదిన టీ ఇస్తే గ్లాసు బల్ల అంచు మీద పెట్టాడు. అది పడి పగిలింది. "చెయ్యి జారింది చెల్లెమ్మా" అంటూ నవ్వేసి, తర్వాత ముఖం గంభీరంగా పెట్టాడు.

"నవ్వులాటకి అన్నాను గానీ చెల్లెమ్మా, వాడికి నిజంగానే చెవులు దెబ్బతిన్నాయి. లేని చప్పుళ్ళు వినిపిస్తున్నాయి వాడికి. రేపు వెనకాల వచ్చే బండి హారను వినిపించకపోతే? వాణ్ణి లారీ ఎక్కనివ్వకు. నా మాట విను."

"ఏం మాట్లాడుతున్నావు మేస్త్రీ? అన్నయ్య చెవులకేమైంది?" అని నేను లేచాను.

"నీకు తెలియదు టార్పాలినూ. నేను వాడితో ఎన్నేళ్ళ నుంచి ఉన్నాను?" అన్నాడు. ఆ మాటకి మళ్ళీ కూర్చున్నాను. నాకంటే ఎక్కువ కాలం అతనే అన్నయ్యతో గడిపాడు మరి.

వదిన భయస్తురాలు. పైగా చెప్పింది ఎవరు, కంటికి రెప్పలా చూసుకునే అన్నయ్యగారు. అన్నయ్యని చెవుల డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళింది. ఆవిడ పరీక్ష చేసి, "సన్నటి శబ్దాలు కొంచెం తగ్గాయి. ఏళ్ళ తరబడి ఇంజను పక్కన కూర్చునేవాళ్ళకి ఇది మామూలే. మాటలూ, లావు శబ్దాలూ బాగానే వినిపిస్తున్నాయి" అంది. వదినకి వాటిల్లో "తగ్గాయి" అన్న ఒక్క మాటే వినిపించింది. ఇంటికొచ్చి లారీ తాళం బీరువాలో పెట్టేసింది.

"నీకు దండం పెడతానయ్యా. ఎవరి ప్రాణం మీదికైనా వస్తే నేను తట్టుకోలేను" అని ఏడ్చింది. అన్నయ్య ఇంకో డ్రైవరు చేత ముసలమ్మని నా షెడ్డు ముందు ఖాళీ స్థలంలో పెట్టించి, తాళం మళ్ళీ ఆవిడకే ఇచ్చేశాడు.

తర్వాత రోజూ వచ్చి నా మిషను పక్కన కూర్చునేవాడు. లారీ వైపు ముఖం పెట్టి కూర్చునేవాడు. పని లేని మగవాడు షెడ్డులో ఉంటే ఎంత విసుగో మీకు తెలుసు కదా, నేను రెండు మాటలు అన్నాను కూడా. ఒకరోజు ఉన్నట్టుండి అడిగాడు. "అమ్మాయ్, ఆ కుళాయి కారుతోందా? లేక నాకే అలా అనిపిస్తోందా?"

కుళాయి కారుతోంది. పక్క గదిలోంచి వాషరు అరిగిందని చెప్పే మనిషి, ఎదురుగా కారుతున్న కుళాయిని గురించి నన్ను అడుగుతున్నాడు. ఇంకోసారి "ఎవరో పిలిచారు కదూ?" అన్నాడు. తనే మళ్ళీ "లేదులే" అని చెయ్యూపాడు. నిజంగానే పిలిచారు. పిలిచినవాడు మళ్ళీ పిలిచేదాకా అన్నయ్య కదల్లేదు.

నాకిక ఒళ్ళు తెలియలేదు. మిషను ఆపి, తిన్నగా వదిన దగ్గరికి వెళ్ళాను. "తాళం ఇయ్యి" అన్నాను. ఆవిడ తటపటాయించింది. "నడపనివ్వను. నా షెడ్డు ముందే స్టార్ట్ చేయించి చూస్తాను. నువ్వు ఇవ్వకపోతే బీరువాతో సహా మోసుకుపోతాను" అన్నాను. ఇచ్చింది.

అన్నయ్య ఇంజను స్టార్ట్ చేసి, బాగా వేడెక్కనిచ్చాడు. "ఇప్పుడు విను" అన్నాడు. విన్నాను. నాకు ఇంజను రొద తప్ప ఏమీ వినిపించలేదు. ఏం చెయ్యను, రోజంతా మిషను దగ్గర ఉండే చెవులు నావి.

"నీక్కూడా లేదా?" అన్నాడు. ఆ ముఖం చూడలేకపోయాను. అబద్ధం చెబుదామనుకున్నాను. చెప్పినా ఆయన కనిపెట్టేస్తాడు.

అన్నయ్య కాసేపు ఆలోచించి, క్యాబిన్‌లోంచి పొడుగు స్క్రూడ్రైవరు తెచ్చాడు. మొన ఇంజను పక్కన ఆనించి, పిడి నా చెవి ముందున్న ఎముకకి నొక్కి పెట్టాడు. "కళ్ళు మూసుకో. పిస్టను ఆడే ఒక్కో సిలిండరుకి వెళ్ళే డీజిల్ పైపు నట్టు వదులు చేసి, దాని పని కాసేపు ఆపి, మళ్ళీ బిగిస్తాను. ఏది వదులు చేస్తున్నానో నీకు తెలియకూడదు. లోపల దెబ్బ తగ్గిందనిపిస్తే చెయ్యెత్తు. అనిపించకపోతే ఎత్తకు. నాకోసం ఎత్తొద్దు, నామీద ఒట్టు" అన్నాడు.

కళ్ళు మూసుకున్నాను. పిడిలోంచి వినిపించింది! చెవికి కాదు, పళ్ళకి తగిలినట్టు. టొక్కు, టొక్కు, టొక్కు. నట్టు వదులు చేసినప్పుడల్లా ఇంజను కాస్త కుంటుతోంది, కానీ దెబ్బ పోవడం లేదు. కుంటింది, సర్దుకుంది. మళ్ళీ కుంటింది, సర్దుకుంది. ఉన్నట్టుండి దెబ్బ పలచబడింది. చెయ్యెత్తాను. కాసేపటికి మళ్ళీ పలచబడింది. మళ్ళీ ఎత్తాను. తర్వాత ఎత్తలేదు.

అన్నయ్య ఇంజను ఆపేశాడు. నేను కళ్ళు తెరిచేసరికి మడ్‌గార్డు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"సరిగ్గా చెప్పానా?"

"మూడు, నాలుగు" అన్నాడు. "నాకూ అవే అనిపించాయి. ఎప్పట్నుంచో అవే అనిపిస్తున్నాయి."

"అయితే నీ చెవులు బాగున్నాయి అన్నయ్యా! బంగారం లాంటి చెవులు! పద, ఇప్పుడే వరసంతా పిలుస్తాను" అని ఎగిరి గంతేశాను. అన్నయ్య ముఖంలో సంతోషం లేదు. రంగు దిగిపోయి ఉంది.

"ఒక్కటే అయితే బేరింగు తేడా అనుకోవచ్చే. పక్కపక్క రెండూ అంటే..." అని ఆగిపోయాడు. తర్వాత పట్టా ఒకటి కింద పరిచి, లారీ కిందికి దూరాడు.

చిక్కటి ఆయిలు అంతా దించి, చాంబరు బోల్టులు విప్పి, క్రాంకుని చేత్తో తిప్పాడు. ఆరు పిస్టన్ల ఇంజన్లో మూడోదీ నాలుగోదీ ఒక్కసారే కిందికి వస్తాయి, వాటి క్యాపులు ఒక్కసారే బిగిస్తారు. ఆయన గుడ్డతో తుడిచి "చూడు" అన్నాడు. నేనూ పడుకుని పక్కకి జరిగి చూశాను. మూడు చుక్కల రాడ్డుకి నాలుగు చుక్కల క్యాపు ఉంది. నాలుగు చుక్కల రాడ్డుకి మూడు చుక్కలది ఉంది. పట్టపగలు, మా ముఖాల మీద, అంత స్పష్టంగా. చిన్నపిల్లాడు కూడా లెక్కపెట్టి చెప్పగలడు.

"ఇంత పొరపాటా? వాడా చేసింది?" అన్నాను.

అన్నయ్య క్యాపులు విప్పాడు. లోపల బేరింగులు ఒక పక్క నున్నగా అరిగి, ఇంకో పక్క కొత్తగా మెరుస్తున్నాయి. ఒక క్యాపుని గుడ్డలో చుట్టి లేచాడు. నేను షెడ్డుకి తాళం కూడా వెయ్యకుండా వెనకాలే నడిచాను.

మేస్త్రి తన షెడ్డులో ఒక్కడే బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. పనివాళ్ళు భోజనానికి వెళ్ళారు. అన్నయ్య క్యాపు అతని చేతిలో పెట్టాడు.

"ఎన్ని చుక్కలున్నాయో చెప్పు."

మేస్త్రి దాని వైపు చూడలేదు. బొటనవేలు పెట్టి చుక్కల మీద రాశాడు. ఒకసారి రాశాడు, మళ్ళీ రాశాడు. తర్వాత వెలుతురు వైపు తిప్పి, ముఖానికి దగ్గరగా పెట్టుకున్నాడు.

"నాలుగు" అన్నాడు, చిన్న గొంతుతో.

"మూడురా" అన్నాడు అన్నయ్య.

నాకు వదిన బల్ల మీంచి పడ్డ టీ గ్లాసు గుర్తొచ్చింది. గొంతు దాకా వచ్చిన తిట్లు అక్కడే ఆగిపోయాయి.

"ఎప్పట్నుంచి?" అన్నాడు అన్నయ్య.

"పోయిన వానాకాలం నుంచి. మొదట ఒక కన్ను మసకేసింది. తర్వాత రెండోది కూడా. ఒకటీ రెండూ వేలికి తెలుస్తాయిరా. అయిదోది రెండోదానితో, ఆరోది ఒకటోదానితో జంటగా కిందికొస్తాయి కాబట్టి తేడా తెలుస్తుంది. ఈ రెండే..."

"స్టార్ట్ చేసిన రోజే తెలుసా నీకు?"

మేస్త్రి తలెత్తలేదు. "తెలుసు. నువ్వు తల వంచకముందే నాకు వినిపించింది."

అప్పుడు మండింది నాకు. "వినిపించిందా? వినిపించి, అందరి ముందూ మా అన్నయ్యని చెవిటివాణ్ణి చేశావా? ఇంటికొచ్చి, మా వదిన చేతి టీ అందుకుని, ఆవిడకి విషం నూరిపోశావా? నీ నోటికి ఎలా వచ్చిందయ్యా?"

"కొత్తగా కట్టిన పెద్ద షెడ్డువాళ్ళు నన్ను పెద్ద మేస్త్రిగా రమ్మన్నారు టార్పాలినూ. కట్టిన ఇంజను మళ్ళీ విప్పితే ఎందుకు విప్పావంటారు. చుక్కలు తారుమారయ్యాయంటే ఇక ఎవడూ నట్టు కూడా ముట్టుకోనివ్వడు నన్ను. చెవుల మాట ఏదో నోట్లోంచి వచ్చేసింది. అందరూ నవ్వారు. నాకు దారి దొరికినట్టయింది."

"ఇంట్లో చెప్పింది కూడా నోట్లోంచి వచ్చేసిందేనా?"

"కాదు" అన్నాడు మేస్త్రి. అన్నయ్య వైపు తిరిగాడు, సరిగ్గా అన్నయ్య ఉన్న చోటికి కాదు, కాస్త పక్కకి. "ఆ ఇంజనుతో ఎత్తు మీద రాడ్డు విరిగితే నువ్వేమైపోతావోనని నాకు నిద్ర పట్టలేదురా. నిన్ను లారీ దించాలి. నిజం చెప్పకుండా ఎలా దించను? అందుకని చెప్పాను."

నేను మళ్ళీ నోరు తెరిచాను కానీ అన్నయ్య చెయ్యడ్డం పెట్టాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మా నాన్న పోయినప్పుడు చూశాను అలా, మళ్ళీ ఇప్పుడే.

"ఒరేయ్, పిలుస్తావు కదరా నన్ను, చుక్కలు చూసుకోమని. ఆ ఒక్కసారి పిలిచుంటే చాలు కదా. నేనే కిందికి దూరి, మార్చి బిగించి, నోరు మూసుకుని బయటికొచ్చేవాణ్ణి. నువ్వు కట్టే ప్రతి ఇంజను కిందా నేనే దూరి చుక్కలు చూసేవాణ్ణి. ఎవడికి తెలిసేది? నీ కళ్ళు పోతే నా కళ్ళు లేవా? నా చెవులెందుకు తీసుకున్నావురా?"

మేస్త్రి క్యాపు మీద బొటనవేలు ఇంకా రాస్తూనే ఉన్నాడు. అన్నయ్య దాన్ని అతని చేతిలోంచి తీసుకుని బయటికొచ్చేశాడు.

టీ కొట్టువాడు "ఏం చెవిటన్నా, టీ ఇమ్మంటావా?" అని అరిచాడు. నేను చీర కొంగు బొడ్లో దోపి ముందుకెళ్ళాను, ఈ రోజు వరసంతా వినేలా చెప్పేస్తానని. అన్నయ్య నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"వద్దు. తెలిస్తే వాడికి పనుండదు."

"మరి నీకు?"

"నాకు లారీ ఉందిగా" అన్నాడు.

నేను నోరు మూసుకున్నాను. జీవితంలో అంత కష్టమైన పని ఇంకోటి చెయ్యలేదు. ఆ మేస్త్రి పెద్ద షెడ్డులో కుర్చీలో కూర్చున్నాడు. చుక్కలు చూడ్డానికి కింద పనివాళ్ళున్నారు ఇప్పుడు. కళ్ళకి ఆపరేషను కూడా చేయించుకున్నాడని విన్నాను. బాగా కనిపిస్తోందట. ఒక్కరోజు, ఒక్కటంటే ఒక్కరోజు, టీ కొట్టు దగ్గరికొచ్చి "తప్పు నాదిరా, వాడి చెవులు బాగానే ఉన్నాయి" అని అంటాడేమోనని ఎదురు చూశాను. రాలేదు. అన్నయ్య కూడా ఎదురు చూశాడు. చెప్పలేదు గానీ, టీ కొట్టు దగ్గర కూర్చున్నప్పుడల్లా ఆ షెడ్డు గేటు వైపే చూసేవాడు.

వదినకి మాత్రం చెప్పక తప్పలేదు, తాళం మళ్ళీ ఆవిడకే ఇవ్వాలి కాబట్టి. "అన్నయ్యగారూ, అన్నయ్యగారూ అని నోరారా పిలిచానే" అంది. మర్నాడు క్యారియర్లో పైడబ్బా తీసేసింది. ఆ డబ్బా లేక క్లిప్పు వదులై, దారి పొడుగునా గలగలమంటుంది. కొత్త క్యారియర్ కొందామంటే అన్నయ్య వద్దన్నాడు.

ముసలమ్మని వేరే ఊరి మేస్త్రి దగ్గర బాగుచేయించాం. క్రాంకు సానపట్టి, బేరింగులు కొత్తవి వేశారు. ఆ కొత్త మేస్త్రి అన్నయ్యని పిలిచి చుక్కలు చూపించాడు. అన్నయ్య కిందికి దూరి, ఒకసారి చూసి, బయటికొచ్చి, మళ్ళీ దూరి చూశాడు. లారీ ఇప్పుడు శుభ్రంగా నడుస్తోంది. ఆ రోడ్డు మీద అంత నున్నటి ఇంజను ఇంకోటి లేదు.

మొన్న కొత్త పట్టాలు చేరవెయ్యడానికి నేనూ లారీ ఎక్కాను. ఎత్తు మధ్యలో అన్నయ్య లారీ పక్కకి తీసి ఆపాడు. ఇంజను ఆపలేదు. దిగాడు. మడ్‌గార్డు మీద చెయ్యి పెట్టి, తల వంచి నిలబడ్డాడు. వెనకాల బండ్లు హారన్లు కొడుతున్నాయి. కదల్లేదు. నేనూ దిగాను.

"వినపడుతోందా?" అన్నాడు.

విన్నాను. స్క్రూడ్రైవరు పిడి ఎముకకి నొక్కి పెట్టుకుని మరీ విన్నాను. ముందు రోజు వదినని కూడా ఇలాగే అడిగాడట, ఆవిడే చెప్పింది. అంతకు ముందు రోజూ.

"ఏమీ లేదన్నయ్యా. ఇంజను బంగారంలా ఉంది" అన్నాను.

అన్న తర్వాత తెలిసింది అవి ఎవరి మాటలో. అన్నయ్య నా వైపు చూశాడు. ఆ రోజు టీ కొట్టు దగ్గర మేస్త్రి వైపు కూడా అలా చూడలేదు, అప్పుడు నవ్వాడు. ఇప్పుడు నవ్వలేదు.

"అంతేలే" అన్నాడు. నా చేతిలోంచి స్క్రూడ్రైవరు తీసుకుని, ఇంజను మీద ఆనించి, పిడి తన చెవికి పెట్టుకున్నాడు.